రాతిని పగులగొట్టిన తరంగము - తుంటి నొప్పికి చికిత్స

తుంటి వెలుపలి ప్రక్కన చేతితో తడిమినచో తొడ ఎముక పైకొన గట్టిగా తగులును. పిరుదు కండరములలో రెండు, స్నాయుబంధనముల ద్వారా ఆ ఎముకనే పట్టుకొనియున్నవి. మనము ఒంటికాలిపై నిలిచినపుడు నడుము ఒరిగిపోకుండ కాపాడునవి ఇవియే. ఈ స్నాయుబంధనములు చెడినచో మెట్లెక్కుట కష్టము. రాత్రివేళ ఆ ప్రక్కకు తిరిగి పండుకొనుట మరింత కష్టము. 40 ఏండ్లు దాటిన స్త్రీలలో ఈ బాధ హెచ్చు.

అచ్చటి ద్రవపు సంచి వాచుటయే ఈ నొప్పికి కారణమని వైద్యులు చాలకాలము భావించి, స్టెరాయిడు ఇంజెక్షను ఇచ్చెడివారు. శరీరము లోపలి భాగములను చూపు క్రొత్త పరికరములు వచ్చిన పిదప, పెక్కుమందిలో అసలు లోపము స్నాయుబంధనములలోనే ఉన్నదని తేలినది. ఈ నొప్పికి నేడు వాడుచున్న చికిత్సలలో ఒకటి విమానముల కర్మాగారమునుండి వచ్చినదనిన ఆశ్చర్యము కలుగును.

1960 దశకములో జర్మనీలోని డోర్నియర్ సంస్థ ఇంజనీర్లు, ధ్వనిని మించిన వేగముతో పోవు విమానమునకు వానచినుకు తగిలిన ఏమగునో పరిశోధించుచుండిరి. ఆ తాకిడివలన లోహములో ఆఘాత తరంగము పుట్టును. మామూలు ధ్వనిలో ఒత్తిడి క్రమముగా పెరిగి తగ్గును. ఆఘాత తరంగములోనో, సెకనులో పదిలక్షల వంతుకన్న తక్కువ కాలములో ఒత్తిడి వందల వాతావరణములకు ఎగబ్రాకును. మన దేహములో నీరే హెచ్చు గనుక, నీటిలో పుట్టించిన తరంగము మాంసములోనికి సులభముగా ప్రవేశించును. రాయివంటి వేరు పదార్థము ఎదురైనపుడు తన బలమును అచ్చట చూపును.

దీర్ఘవృత్తమునకు రెండు నాభులు ఉండునని విద్యార్థులెరుగుదురు. ఆ ఆకారము గల గిన్నెలో ఒక నాభివద్ద నీటిలో విద్యుత్ స్ఫులింగము పుట్టించినచో, ప్రతిఫలించిన తరంగములు రెండవ నాభివద్ద కూడుకొనును. ఆ రెండవ నాభి మూత్రపిండములోని రాతిపై పడునట్లు రోగిని అమర్చి, 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్ నగరములో క్రిస్టియన్ షౌసీ, ఆయన సహచరులు కత్తి లేకుండ రాతిని పగులగొట్టిరి.

తరంగము త్రోవలోని ఎముకకు హాని కలుగునేమోయని జంతువులపై పరీక్షింపగా, క్రొత్త ఎముక పెరుగు సూచనలు కనబడినవి. 1991లో బల్గేరియా వైద్యులు వాల్చనోవ్, మిఖైలోవ్ అతుకని ఎముకలకు ఈ తరంగములను వాడిన ఫలితములు ప్రకటించిరి. పిదప భుజము, మోచేయి, మడమ నొప్పులకును వాడుక వ్యాపించినది. చిన్న యంత్రములును వచ్చినవి. వీనిలో సంపీడిత వాయువు ఒక లోహపు గుండును గొట్టములో త్రోసి, చర్మముపై ఆనించిన కొనను కొట్టించును. ఈ ఒత్తిడి తక్కువ, పెరుగుటయు నెమ్మది. నిజమునకు ఇది ఆఘాత తరంగము కాదు. పేరు మాత్రము నిలిచినది. రాతిని పగులగొట్టుట ఇచ్చట పని కాదు. స్వల్పమైన దెబ్బచే కణములు మేల్కొని మరమ్మతు సాగునని ఒక అభిప్రాయము కలదు; అది ఇంకను పూర్తిగా రుజువు కాలేదు.

ఇది తుంటికి పనిచేయునా? 2009లో జర్మనీకి చెందిన రాంప్, ఆయన సహచరులు 229 మంది రోగులపై జరిపిన పరిశీలనను ప్రకటించిరి. ఒక వర్గమునకు ఇంటివద్ద వ్యాయామము, ఒక వర్గమునకు ఒక స్టెరాయిడు ఇంజెక్షను, మూడవ వర్గమునకు ఈ తాకిడి చికిత్స. ఒక నెలకు ఇంజెక్షను వర్గములో నూటికి 75 మందికి గుణము కనబడగా, తాకిడి వర్గములో 13 మందికి, వ్యాయామ వర్గములో 7 గురికి మాత్రమే కనబడినది. నాలుగు నెలలకు తాకిడి చికిత్స 68తో ముందునకు వచ్చినది. ఇంజెక్షను 51కి దిగినది, వ్యాయామము 41కి పెరిగినది. పదునైదు నెలలకు వ్యాయామము 80, తాకిడి 74, ఇంజెక్షను 48.

2018లో ప్రకటితమైన ఆస్ట్రేలియా పరిశీలనలో తాకిడి చికిత్స లేదు. అందులోను, ఒక సంవత్సరము గడచిన పిదప, తగిన సలహాతో వ్యాయామము చేసినవారే ఇంజెక్షను పొందినవారికన్న మెరుగుగా నున్నామనిరి.

ఉపాధ్యాయులు ఆ మూడు వర్గముల అంకెలను తరగతిలో గ్రాఫు కాగితముపై గీయింపవచ్చును. మూడు రేఖలును ఒకదానినొకటి దాటిపోవుట పిల్లలకు కంటికి కనబడును. ఒక నెలతో లెక్క ముగించియుండిన సూదిమందే గెలిచెడిది. నొప్పితో నిద్రలేని రోగికి ఆ ఒక నెలయు విలువైనదే. కాని రేపటి నడకకు ఏది మేలో చెప్పుటకు శాస్త్రము పదునైదు నెలలు వేచియుండవలసివచ్చినది.