పొన్నూరు మైదానంలో వేట తుపాకి

1878 ఆయుధ చట్టం యూరోపియన్లను మినహాయించి భారతీయులకు మాత్రమే లైసెన్సు విధించిన అన్యాయపు రోజుల నుంచీ, పొన్నూరు పరిసరాల నల్లరేగడి రైతు ఏ తుపాకి ఉంచుకోవచ్చో ధరకన్నా ముందు చట్టమే నిర్ణయించింది. ఆ తరువాతి 1959 చట్టం పంట కాపలా కోసం, మందును గొట్టం మూతి నుంచి దట్టించి పేల్చే తుపాకికి లైసెన్సు పొందే దారి చూపింది.

సైనిక తూటా అయిన .303 పౌరులకు నిషిద్ధం కావడంతో, బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారం లీ-ఎన్‌ఫీల్డ్ అమరికతోనే తయారుచేసిన .315 రైఫిల్, మొరటు వాడకానికి తట్టుకునే దేశీయ వేట తుపాకిగా నిలిచింది. ఇది బోల్ట్ యాక్షన్ రకం, అంటే పిడిని పైకెత్తి వెనక్కి లాగితే కాలిన తొడుగు బయటపడి, ముందుకు తోస్తే కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. అయితే రైఫిల్ తూటా చాలా దూరం దూసుకుపోతుంది కనుక, చాటు లేని పత్తి, మిరప చేలలో, కూలీల మధ్య, చిన్న గుళ్ళు చిమ్మే నునుపు గొట్టపు తుపాకే క్షేమకరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ సరదా వేటకు తెరదించాయి.