ఎవరు విన్నారు, ఎవరు వినలేదు

మా అవ్వ బైబిలు స్త్రీ. మిషన్ వాళ్లు ఇచ్చే జీతం ఆగిపోయాక కూడా ఆమె తిరగడం ఆపలేదు. తెల్లచీర కట్టుకుని, గుడ్డసంచి చంకన పెట్టుకుని బకింగ్‌హామ్ కాలవ గట్టెంబడి నడిచిపోయేది. సెలవుల్లో నన్నూ వెంటబెట్టుకుపోయేది. ఊళ్లకి ఆమె వేరే పేర్లు పెట్టుకుంది. నీళ్లిచ్చే ఊరు. విని నవ్వే ఊరు. కుక్కల్ని ఉసిగొలిపే ఊరు.

చదువుకుని టీచర్నయినాక చరిత్ర పుస్తకాలు తిరగేస్తే అవ్వ లెక్కే సరైందనిపించింది. గుడిలో పాస్టర్లు విత్తనాలు చల్లేవాడి కథ చెప్పి, నేల మంచిదైతే మొలుస్తుంది, రాతినేలైతే ఎండిపోతుంది అంటారు. ఆ నేల ఎవరి చేతిలో ఉందో మాత్రం చెప్పరు.

శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్తిస్టు మిషనరీ 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఇక నెల్లూరు పని మూసేద్దామా అనే మాట వచ్చింది. పటంలో ఒంటరిగా ఉన్న చుక్క అన్న మాట పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే కవి రాత్రికి రాత్రే ఒక పాట రాశాడు. ఆ పాటతో మిషన్ నిలబడింది. 'లోన్ స్టార్ మిషన్' అనే పేరూ నిలబడింది. మరుసటి ఏడు జనవరి 1న జూయెట్ దొర, ఆయన భార్య ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. వాళ్లతో నెల్లూరు నుంచి పోయిన మనవాళ్లూ ఉన్నారు. అందులో జూలియా అనే ఆమె ఉంది. దొర పేరు చెప్పినంత గట్టిగా ఆమె పేరు ఏ పండగనాడూ చెప్పరు. అది నాకు కడుపుమంటే.

1866లో క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. అయితే ఆయన కంటే ముందే ఒకాయన దేవుణ్ణి వెతుక్కుంటా ఉండాడు. ఎర్రగుంట్ల పేరయ్య. మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. చాలామంది అనుకున్నట్టు ఆయన ఏమీ తెలియకుండా కూర్చున్న మనిషి కాదు. బండికట్ల వీరమ్మ అనే గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నాడు. తోళ్ల బేరానికి ఉత్తరాదికి పోయినప్పుడు క్రీస్తు సంగతి విన్నాడు. ఆయనే వెతుక్కుంటా వచ్చాడు. 1866లో ఆయనా, ఆయన భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. మరుసటి ఏడు ఆయన పిలిస్తేనే క్లౌ తాళ్లకొండపాడు పోయాడు. అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చెప్పులు కుట్టే చోట, తోళ్లు బేరమాడే చోట, బంధువుల ఇంట పెళ్లిలో పేరయ్య చెప్పిన మాట అది. వినేవాడికి చెప్పేవాడు మేనమామో, వియ్యంకుడో. బజారులో నిలబడి చెప్పే దొర మాటకీ దీనికీ అదే తేడా.

అదే రోజుల్లో ఒంగోల్లో ఇంకో సంగతి జరిగింది. క్లౌ దంపతుల బడికి పెద్దకులాల పిల్లలు వచ్చేవాళ్లు. పెద్దలూ క్రీస్తు గురించి శ్రద్ధగానే వినేవాళ్లు. మాదిగలు చేరడం మొదలయ్యేసరికి, వాళ్లని చేర్చుకుంటే మేం రాం అన్నారు. ఏం చెయ్యాలో తోచక దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో ప్రార్థన చేసుకుని బైబిలు తెరిచారట. ఇద్దరికీ ఒకటే పేజీ వచ్చిందట. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, దేవుడు ఘనుల్ని కాకుండా నీచులనిపించుకున్నవాళ్లని ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు. క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. దాన్ని అద్భుతం అనాలో కాదో నాకు తెలీదు. కానీ ఆ రోజు ఆయన రెండోవైపు మొగ్గి ఉంటే నేను ఈ కలం పట్టి ఉండను.

బాప్తిస్మం తీసుకునేవాళ్లకి మూడు కట్టడలు పెట్టారు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. వినడానికి ఇవి భక్తి మాటలే. ఊరి కరణానికీ మునసబుకీ మాత్రం మూడూ తిరుగుబాట్లే. ఆదివారం కపిలబాన ఎవరు కుడతారు? చచ్చిన గొడ్డుని ఎవరు ఈడుస్తారు? జాతరలో డప్పు ఎవరు కొడతారు? అందుకే కొట్టారు, కూలి ఎగ్గొట్టారు, బావి దగ్గరికి రానీలేదు. పెద్దకులాలవాళ్లు సువార్త వినలేదంటారు గానీ, వాళ్లే బాగా విన్నారు. అందులో తమకి ఏం పోతుందో వాళ్లకి వెంటనే అర్థమైంది.

1876-78 కరువు సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. మా స్టాఫ్‌రూంలో ఏడాదికోసారైనా ఎవరో ఒకరు నవ్వుతా అంటారు, "మీ వాళ్లంతా గంజి కోసం మారినోళ్లే కదా మాస్టారూ" అని. కరువు పనికింద తవ్విన బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు క్లౌ తీసుకున్నాడు. మన ప్రీచర్లే మేస్త్రీలు. కూలి సక్రమంగా ఇచ్చారు. సాయంత్రం మట్టి తట్టలు దించి జనం వాక్యం విన్నారు, బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటికోసం వచ్చారనే మాట రాకూడదని పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయాక, ఇక దొర దగ్గర ఏమీ దొరకదని తెలిశాక జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు ప్రీచర్లు ఇద్దరిద్దరుగా నీళ్లలో నిలబడి ముంచారు. గంజి అయిపోయినాక వచ్చినవాళ్లని గంజి క్రైస్తవులు ఎట్టా అంటారు సార్? అప్పుడు కడుపు నిండినవాళ్లయినా ఎందుకు రాలేదో అదీ చెప్పాలి కదా.

మనవాళ్లలో మాత్రం అందరూ విన్నారా? ఒంగోలు బాప్తిస్టు సంఘం 'మాదిగ మతం' అయిపోయింది. గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ. ఒకే క్రీస్తు, రెండు పల్లెలు, రెండు గుళ్లు. మా అవ్వ మాలపల్లెలోకి పోతే చాపేసేవాళ్లు గానీ ఆమె తాగిన గ్లాసు విడిగా బోర్లించేవాళ్లు. ఇది రాయడానికి సిగ్గే. రాయకపోతే ఇంకా సిగ్గు.

పట్టపుపాళెంలో మర్యాద ఎక్కువ. పడవ నీడన కూర్చోబెట్టి వినేవాళ్లు, పోయేటప్పుడు ఎండుచేపలు సంచిలో వేసేవాళ్లు. "మంచి మాటే అవ్వా, మా కట్టుబాటు ఒప్పదు" అనేవాళ్లు పెద్దకాపులు. అవ్వకి కోపం వచ్చేది కాదు. "సముద్రం మీద బతికేటోళ్లబ్బయా, ఒక్కడు తెగిపోతే వల లాగేదెవరు" అనేది. రెడ్లిళ్లలో ఆడవాళ్లు దొడ్డివాకిట్లో నిలబడి వినేవాళ్లు. బిడ్డకి జబ్బుచేస్తే, "ఏమ్మే, నీ దేవుడికి చెప్పి ప్రార్థన చెయ్" అని పిలిచేవాళ్లు. ఆమె గడప ఇవతల నిలబడి కళ్లు మూసుకునేది. అయ్యాక నీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. నేను అడిగా, "వాళ్లు మారరు గదవ్వా, యాల పోతావ్?" అని. "బిడ్డ బిడ్డే గదరా" అంది.

ఇక నా సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాదు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. మనకి మాత్రం బీసీ-సీ, ఒక్క శాతం. నన్ను బళ్లో వేసినప్పుడు హెడ్మాస్టరే 'హిందూ మాదిగ' అని రాశాడు. మా నాయనకి చదువు రాదు, వేలిముద్ర వేశాడు. తర్వాత డీఎస్సీకి సర్టిఫికెట్ కావాల్సొచ్చింది. వీఆర్వో విచారణకి వస్తాడని కబురొచ్చింది. మా అమ్మ గోడమీది ఏసుప్రభు క్యాలెండరు తీసి పెట్టెలో పెట్టింది. అవ్వనేం చెయ్యాలో ఎవరికీ తెలీలేదు. నలభై ఏళ్లు వీధివీధినా చెప్పిన మనిషిని, ఈ ఒక్కరోజు చెప్పొద్దని ఎవరడగాలి? చివరికి నేనే నోరు తెరిచా. "అవ్వా, రేపు ఒక్కరోజు..." అన్నా. అంతకుమించి మాట రాలేదు.

ఆమె నన్ను చూసి ఏమీ అనలేదు. పేతురు మూడుసార్లు బొంకిన కథ నాకు నేర్పింది ఆమే. తెల్లారకముందే సంచి చంకన పెట్టుకుని కాలవ గట్టెక్కింది. ఆ రోజు ఏ ఊరు పోయిందో చెప్పలేదు. వీఆర్వో వచ్చాడు, టీ తాగాడు, కాగితం మీద రాసుకుపోయాడు.

పొద్దుగుంకాక అవ్వ వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంది. "పోయినాడా?" అంది.

"పోయినాడవ్వా" అన్నా.

లోపలికొచ్చి పెట్టె తెరిచి, క్యాలెండరు తీసి అదే మేకుకి తగిలించింది.