రౌతు కొద్దీ గుర్రం

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు అడిగారు. రాజుల గురించి, యుద్ధాల గురించి ఇదివరకే చాలామంది మిత్రులు రాసి ఉన్నారు. అందుచేత ఆ రాజులను వీపున మోసిన గుర్రం గురించి, దానికి శిక్షణ ఇచ్చిన మనుషుల గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాను. గుర్రానికి నడక నేర్పబోయి మనిషి తన కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్చుకున్న కథ ఇది. పదవీ విరమణ తర్వాత గాని నాకు ఈ సంగతులు చదివే తీరిక దొరకలేదు. ముందే చదివి ఉంటే బాగుండేదని ఎందుకు అనుకుంటున్నానో చివర మనవి చేస్తాను.

మన తెలుగులో గుర్రం మీద రెండు సామెతలున్నాయి. "రౌతు కొద్దీ గుర్రం" అనేది ఒకటి. "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది" అనేది రెండవది. గుర్రం నడక బాగా లేకపోతే ముందు రౌతును చూడమంటుంది మొదటి సామెత. రౌతు మెతకగా ఉంటే పని జరగదంటుంది రెండవది. ముప్ఫయి నాలుగేళ్ళ సర్వీసులో, అందులోనూ సెక్షన్ సూపరింటెండెంటుగా ఉన్న పదేళ్ళలో, నేను నమ్మినది రెండవ సామెతనే. ఈ రెండింటిలో ఏది నిజమో చరిత్రను అడిగి చూద్దాం.

గుర్రాల శిక్షణ మీద మనకు దొరికిన అతి ప్రాచీనమైన రచనలలో ఒకటి టర్కీ దేశంలో బయటపడింది. పూర్వం హిట్టైట్ల రాజధానిగా ఉన్న హట్టుసా నగరం ఉన్న చోట 1906లో తవ్వకాలు మొదలుపెడితే వేల సంఖ్యలో మట్టి పలకలు దొరికాయి. వాటిలో కొన్నింటి మీద కిక్కులి అనే అశ్వశిక్షకుడి పాఠాలున్నాయి. ఆయనది మిటాన్ని రాజ్యం. కాలం ఇప్పటికి మూడు వేల మూడు వందల ఏళ్ళకు పైమాటే. విశేషం ఏమిటంటే, గుర్రాన్ని మైదానంలో ఎన్ని చుట్లు తిప్పాలో చెప్పేటప్పుడు ఆయన వాడిన మాటలు ఐకవర్తన్న, తేరవర్తన్న, పంజవర్తన్న, సత్తవర్తన్న, నావర్తన్న. ఏక, త్రి, పంచ, సప్త, నవ అని మనం ఎవరూ చెప్పకుండానే పోల్చుకోవచ్చు. మిటాన్ని పాలకవర్గం మాటలలో సంస్కృతానికి దగ్గరైన పదాలు ఉండటమే ఇందుకు కారణం.

కిక్కులి తయారు చేసినవి రథాలకు కట్టే గుర్రాలు. ఆయన శిక్షణ ఆరు నెలలు దాటి సాగుతుంది. ఏ రోజు ఎంత దూరం నడిపించాలి, ఎంత దూరం పరుగెత్తించాలి, ఎప్పుడు కడగాలి, ఎప్పుడు నీళ్ళు పెట్టాలి, బార్లీ ఎంత, గడ్డి ఎంత అని రోజువారీగా రాసి పెట్టాడు. మొదటి వారంలోనే గుర్రాన్ని రథానికి కట్టి యుద్ధానికి తోలాలని ఆయనకు తొందర లేదు. నేటి పని నేడు, రేపటి పని రేపు. ఓర్పు గురించి ఆయన ఉపన్యాసమేమీ ఇవ్వలేదు గాని ఆ పట్టికంతా ఓర్పే.

ఓర్పు ఎందుకు కావాలో విడమరచి చెప్పినవాడు గ్రీకు దేశస్థుడు జెనొఫోన్. సోక్రటీసు శిష్యుడు, స్వయంగా అశ్వికుడు. క్రీ.పూ. 401లో పర్షియా రాకుమారుడి కొలువులో యుద్ధానికి వెళ్ళి, ఆ రాకుమారుడు చనిపోతే, శత్రుదేశం నడిబొడ్డు నుంచి గ్రీకు సైనికులను స్వదేశం వైపు నడిపించిన నాయకులలో ఒకడు. ముసలితనంలో గుర్రపుస్వారీ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అప్పటికి గ్రీసులో రికాబులు లేవు, లాడాలు లేవు. గట్టి జీను కూడా లేదు. కాళ్ళ పట్టు మీద కూర్చోవలసిందే. అటువంటి స్వారీలో గుర్రం ఎదురు తిరిగితే రౌతు నేల మీద ఉంటాడు. కాబట్టి జెనొఫోన్ చెప్పినవి అనుభవం మీద తేలిన సంగతులు.

గుర్రపుశాల ఇంటికి దగ్గరగా, యజమాని కంట తరచు పడేటట్టు ఉండాలన్నాడు. కోపంగా ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దన్నాడు. కోపానికి ముందుచూపు ఉండదనీ, ఆ పూట చేసిన పనికి తర్వాత విచారించవలసి వస్తుందనీ హెచ్చరించాడు. గుర్రం దేన్నైనా చూసి బెదిరితే కొట్టవద్దన్నాడు. ఆ వస్తువు దగ్గరకు మెల్లగా తీసుకువెళ్ళి, ముందు మనిషి దాన్ని తాకి చూపించాలన్నాడు. కొడితే ఏమవుతుంది? నొప్పి కూడా ఆ వస్తువు వల్లనే కలిగిందని గుర్రం అనుకుంటుంది. భయం రెట్టింపవుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మాట వినని గుర్రాన్ని అసలు దండించనే కూడదని ఆయన అనలేదు. వింటే మెచ్చుకోవాలి, వినకపోతే శిక్షించాలి అనే అన్నాడు. దండన వేరు, కోపం వేరు అన్నదే ఆయన పాఠం. మన రెండవ సామెతకు రెండు వేల మూడు వందల ఏళ్ళకు పూర్వమే చెప్పిన జవాబు ఇది.

ఇది చదివినప్పుడు మా ఊరి జట్కా ఒకటి జ్ఞాపకం వచ్చింది. రైలు దిగి ఇంటికి జట్కాలో వచ్చే రోజులు. కొత్తగా కట్టిన కల్వర్టుకు సున్నం వేసి ఉంటే, ఆ తెల్లటి గోడను చూసి గుర్రం కాళ్ళు నేలకు తన్ని ఆగిపోయింది. బండిలో ఉన్న పెద్దలు "నాలుగు తగిలించవయ్యా" అన్నారు. బండి సాయిబు చర్నాకోల పక్కన పెట్టి దిగాడు. వెళ్ళి గోడ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తర్వాత వచ్చి గుర్రం మెడ నిమురుతూ, ఏదో చెబుతూ, కళ్ళెం పట్టి తన పక్కనే నడిపించాడు. ఆయన జెనొఫోన్ పేరు విని ఉండడు.

గుర్రం భయానికి కారణం వెతికిన వాళ్ళలో అందరికన్నా పేరుపడ్డవాడు అలెగ్జాండరు. ఆ కథ రాసిన ప్లూటార్కు నాలుగు వందల ఏళ్ళ తర్వాతివాడు కనుక అందులో కొంత కల్పన ఉండవచ్చు. ఫిలిప్ రాజు దగ్గరకు బ్యూసెఫలస్ అనే గుర్రాన్ని పదమూడు టాలెంట్ల ధరకు అమ్మకానికి తెచ్చారట. ఎవరినీ దగ్గరకు రానివ్వకపోతే పనికిరాదని తీసుకుపొమ్మన్నాడు రాజు. పిల్లవాడైన అలెగ్జాండరు చూసినది ఒకటే. గుర్రం తన నీడను చూసుకుని తానే బెదురుతోంది. దాని ముఖం సూర్యుడి వైపు తిప్పి, కాసేపు నిమిరి, కప్పుకున్న వస్త్రం మెల్లగా జారవిడిచి ఎక్కాడు. ఆ గుర్రమే ఆయన్ను మన జీలం నది దాకా తెచ్చింది. క్రీ.పూ. 326లో పురుషోత్తముడితో జరిగిన యుద్ధం తర్వాత చనిపోతే, దాని పేరున అక్కడ ఒక పట్టణం కట్టించాడు.

అయితే ఇదే అలెగ్జాండరు అంతకు రెండేళ్ళ ముందు ఒక విందులో తాగిన మైకంలో, మాటకు మాట పెరిగి, క్లైటస్ అనే మిత్రుణ్ణి ఈటెతో పొడిచి చంపాడు. క్రీ.పూ. 334లో గ్రానికస్ యుద్ధంలో తన ప్రాణం కాపాడినది ఆ క్లైటసే. తర్వాత రోజుల తరబడి ఏడ్చాడు. గుర్రం బెదురు చూసి కారణం కనిపెట్టిన మనిషి, స్నేహితుడి కఠినమైన మాట వెనక కారణం వెతకలేకపోయాడు.

ఇక మన దేశానికి వద్దాం. దక్షిణాది వాతావరణంలో మేలు జాతి గుర్రాల పెంపకం సరిగా సాగలేదు. అరేబియా, పర్షియాల నుంచి ఓడల మీద తెప్పించుకోవలసి వచ్చేది. మన మోటుపల్లి రేవు ఉన్న రాజ్యం గురించి రాసిన మార్కో పోలో, 13వ శతాబ్దం చివర పాండ్య దేశం సంగతి కూడా రాశాడు. అక్కడి రాజులు ఏటా వేల గుర్రాలు కొంటారనీ, వాటిని చూసుకునే తీరు తెలియక ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవనీ ఆయన మాట. లెక్కలో అతిశయోక్తి ఉండవచ్చు. డబ్బు పెట్టి గుర్రాన్ని కొనవచ్చు గాని దాన్ని నిలబెట్టుకునే ఓపికను కొనలేమన్న సంగతి మాత్రం నిజం.

విజయనగరం నాటికి కొంత మార్పు వచ్చింది. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసి పెట్టాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వుల నూనె తాగి, ఒంటికి రాసుకుని, బరువులెత్తి, కత్తిసాము చేసి, కుస్తీ పట్టేవాడు. ఆ తర్వాత గుర్రమెక్కి తెల్లవారే దాకా మైదానంలో తిప్పేవాడు. అంతటి చక్రవర్తి కూడా స్వారీ వచ్చేసింది కదా అని మానలేదు, రోజూ సాధన చేశాడు. అదే పేస్ మరొక మాట కూడా రాశాడు. రాయలు గొప్ప పాలకుడు, న్యాయం తెలిసినవాడు, కాని ఉన్నట్టుండి ఆగ్రహం వస్తుందని. కోపాన్ని జయించడం గుర్రాన్ని లొంగదీయడం కన్నా కష్టమని ఈ ఇద్దరు ప్రభువులనూ చూస్తే తెలుస్తుంది.

మన కోపం గుర్రానికి ఎంత తొందరగా తెలిసిపోతుందో ఒక పెన్షనరు గారి పుణ్యాన లోకానికి తెలిసింది. బెర్లిన్ నగరంలో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన లెక్కల మాస్టారు ఉండేవారు. ఆయన ఎంతో ఓపికతో హాన్స్ అనే గుర్రానికి ఏళ్ళ తరబడి లెక్కలు నేర్పారు. మూడూ నాలుగూ ఎంత అని అడిగితే గిట్టతో ఏడుసార్లు తట్టేది. 1904లో పండితుల సంఘం వచ్చి పరీక్షించి, ఇందులో మోసం కనపడలేదని తేల్చింది. తర్వాత ఓస్కర్ ఫంగ్‌స్ట్ అనే పరిశోధకుడు పట్టుబట్టి చూశాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోయినా, అడిగేవాడు గుర్రానికి కనపడకపోయినా జవాబు తప్పేది. సరైన అంకె దగ్గరకు రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే రవంత కదిలేది. గుర్రం దాన్ని చూసి ఆగేది. 1907లో ఆయన ఈ సంగతి ప్రచురించాడు. మాస్టారు గారు చాలా నొచ్చుకున్నారు. కాని నాకు ఇందులో ఆయన ఓటమి కనపడదు. మనిషికే తెలియని మనిషి కదలికను గుర్రం చదువుతుందని ఆయన వల్లనే కదా తేలింది. లోపల చిరాకు పెట్టుకుని పైకి నవ్వితే గుర్రం దగ్గర చెల్లదు.

చివరగా డెన్మార్కుకు చెందిన లిస్ హార్టెల్ గారి గురించి చెప్పాలి. 1944లో, గర్భవతిగా ఉన్నప్పుడు, ఆమెకు పోలియో సోకింది. మోకాళ్ళ కింద కాళ్ళకు పట్టు పోయింది. పట్టుదలతో మళ్ళీ స్వారీ మొదలుపెట్టారు. గుర్రం ఎక్కాలన్నా దిగాలన్నా ఇంకొకరి సాయం కావాలి. గుర్రానికి సైగ చేయవలసిన కాళ్ళు పనిచేయకపోవడంతో నడుము, బరువు, చేతులతోనే చెప్పడం జూబిలీ అనే తన గుర్రానికి అలవాటు చేశారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెసాజ్ పోటీలోకి మొదటిసారి మహిళలను రానిచ్చారు. చర్నాకోలతో గాని బలంతో గాని ప్రదర్శించే విద్య కాదది. రౌతు ఏమి చెబుతున్నాడో చూసేవారికి తెలియకుండా గుర్రం అడుగులు వేయాలి. అందులో ఆమెకు రజత పతకం వచ్చింది. స్వర్ణం గెలిచిన స్వీడన్ సైనికాధికారి సాయం పట్టి ఆమెను వేదిక ఎక్కించాడు. 1956లో మళ్ళీ రజతమే. అదే డ్రెసాజ్‌లో 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన భారత జట్టు స్వర్ణం గెలిచింది. గుర్రపుస్వారీలో మనకు 1982 తర్వాత వచ్చిన స్వర్ణం అదే.

ఇక మొదట చెప్పిన మాట. మా సెక్షన్‌లో ఒక జూనియర్ అసిస్టెంటు ఉండేవాడు. కూడికలు తప్పేవాడు. నేను ఫైలు పట్టుకుని వెళ్ళి అందరి ముందూ నిలదీసేవాణ్ణి. గట్టిగా ఉంటే గాని పని జరగదని నా నమ్మకం. తప్పులు తగ్గలేదు. రెండేళ్ళకు అతనే అడిగి బదిలీ చేయించుకున్నాడు. తర్వాత వేరే చోట మంచి పనివాడని పేరు తెచ్చుకున్నాడని విని, నా శిక్షణ ఫలించిందనుకున్నాను.

ఆ మధ్య లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళితే అక్కడ బెంచీ మీద కనిపించాడు. ఇప్పుడు ఆయనా పెన్షనరే. నన్ను చూడగానే లేచి చోటిచ్చాడు. "అప్పట్లో మిమ్మల్ని చాలా అన్నాను, మనసులో పెట్టుకోకండి" అన్నాను. ఆయన నవ్వి, "పోనీలెండి సార్. తప్పు తప్పే. కాకపోతే మీరు వస్తున్నారంటే చాలు, వచ్చిన కూడిక కూడా పోయేది" అన్నాడు.

మూడు వేల ఏళ్ళ చరిత్ర చదివినా నాకు అంత స్పష్టంగా బోధపడలేదు. ఆ కుర్రవాడు లెక్కను చూసి బెదరలేదు, నన్ను చూసి బెదిరాడు. అందుకే మిత్రులారా, రెండు సామెతలలో నా ఓటు ఇప్పుడు మొదటిదానికి.

మన వయసులో గుర్రం ఎక్కే పని ఎలాగూ లేదు. సాయంత్రం పూట మనవడికి లెక్కలు చెప్పే పని ఉంది. వాడు ఒకే లెక్క మూడోసారి తప్పినప్పుడు నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అప్పుడు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి, కాసేపు వరండాలో నిలబడి వస్తున్నాను. వచ్చేసరికి రెండుసార్లు వాడే తప్పు ఎక్కడుందో కనిపెట్టి నా కోసం ఎదురు చూస్తూ కూర్చున్నాడు.