కంకుల కుచ్చు నుంచి గింజల గొట్టం దాకా: పెరటి పిట్టల మేత కథ

నార్వే పల్లెల్లో క్రిస్మస్ దగ్గర పడగానే ఇంటి ముందు గడకర్రకో, ధాన్యపు కొట్టు చూరుకో ఓట్స్ కంకుల మోపు కడతారు. కోతలప్పుడే మంచి కంకులు ఏరి దాచి, నేలంతా మంచు కప్పేసిన వేళ పిట్టలకు వదిలే వాటా అది. బిషప్ ఎరిక్ పొంటొప్పిడాన్ 1750లలో రాసిన నార్వే ప్రకృతి చరిత్రలోనే ఈ ఆచారం ప్రస్తావన ఉంది. గోదావరి జిల్లాల వాళ్లకు ఈ మాట కొత్తగా అనిపించదు. కొత్త వరికంకులను పేర్చి, జడలా అల్లి, కుచ్చు కట్టి వసారా దూలానికో గుడి మండపానికో వేలాడదీయడం అక్కడి రైతులకు అలవాటైన పనే. ఆ కుచ్చులో గొప్ప పనితనం ఉంది. మేతా అదే, మేత పెట్టే పాత్రా అదే. పిచ్చుక గోళ్లతో పట్టుకుని వేలాడుతూ గింజ ఒలుచుకుంటుంది. నేలమీది చెమ్మ గానీ ఎలుకలు గానీ దాని జోలికి రావు.

ఇంట్లో మేత తయారుచేసి, దానికి తగిన సాధనం కట్టి, పెరటి పిట్టలను పిలుచుకునే విద్య ఎక్కువగా పెరిగింది మాత్రం ఐరోపాలోనే. కారణం అక్కడి చలి. బ్లూ టిట్ అనే పిట్ట బరువు పదకొండు గ్రాములు. డిసెంబరులో పదహారు గంటల రాత్రిని అది ఒంట్లోని కొవ్వు కరిగించుకుంటూ గడపాలి. మిగిలిన ఎనిమిది గంటల పగటిలో ఆ కొవ్వును మళ్లీ కూడగట్టుకోవాలి. ఒక్క రోజు తిండి దొరక్కపోతే మర్నాటికి బతికుంటుందన్న నమ్మకం లేదు. ఆ ఆకలిని చూసి ఓర్చుకోలేని మనుషులు మొదలుపెట్టిన పని ఇది. రెండు వందల ఏళ్లలో అది పక్షుల బతుకునే మార్చేంత పెద్దదైంది.

జాన్ ఫ్రీమన్ డోవాస్టన్ ఇంగ్లాండ్‌లోని ష్రాప్‌షైర్‌లో ఉండే కవి, ప్రకృతి పరిశీలకుడు. చెక్క మీద బొమ్మలు చెక్కి ముద్రించే చిత్రకారుడు థామస్ బ్యూయిక్‌కు మంచి మిత్రుడు. 1825లో ఆయన తన కిటికీకి దగ్గరలో ఒక మేత తొట్టి ఏర్పాటు చేసి, దానికి ‘ఆర్నిథోట్రోఫ్’ అని గ్రీకు పేరు పెట్టుకున్నాడు. అక్కడికి వచ్చిన 23 జాతుల పక్షులను లెక్కపెట్టాడు. మేత పెట్టడంలో దయతో పాటు, దగ్గరగా కూర్చుని చూడాలన్న తపన కూడా చేరింది. తుపాకీతో కొట్టి, గడ్డి కూరి, అద్దాల పెట్టెలో పెడితేనే పక్షిని చదవగలమని శాస్త్రజ్ఞులు సైతం నమ్మిన కాలమది. అందుకే ఆ చిన్న తొట్టికి పక్షిశాస్త్ర చరిత్రలో చోటు దక్కాలి.

1890-91 చలికాలం ఇంగ్లాండ్‌ను వారాల తరబడి గడ్డకట్టించింది. పిట్టలకు తిండి పెట్టండని పత్రికలు జనాన్ని కోరాయి. డబ్ల్యు.హెచ్. హడ్సన్ 1898లో లండన్ పక్షుల గురించి రాస్తూ, థేమ్స్ వంతెనల మీద కూలీలూ గుమాస్తాలూ తమ భోజనంలో మిగిలింది సముద్రపు కాకులకు విసిరే దృశ్యాన్ని నమోదు చేశాడు. ఆ రోజుల్లోనే ఆడవాళ్ల టోపీలకు ఈకల కోసం పక్షులను చంపడం మీద ఉద్యమం లేచింది. నేటి పక్షి సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీబీకి మూలమైన సంఘాన్ని ఎమిలీ విలియమ్సన్ 1889లో మాంచెస్టర్ దగ్గర తన ఇంట్లో మొదలుపెట్టింది. పెరట్లో కొబ్బరి చిప్పను తాడుతో వేలాడదీసి టిట్ పిట్టలకు పెట్టడమూ ఆ తరానికి అలవాటైంది. 1910కల్లా పిట్టలకు మేత పెట్టడం జాతీయ కాలక్షేపమైందని ‘పంచ్’ పత్రిక రాసింది.

ఆ కాలక్షేపాన్ని పద్ధతిగా మలిచిన మనిషి మాత్రం జర్మన్. థురింగియాలో జేబాఖ్ కోట యజమాని హాన్స్ ఫాన్ బెర్లెప్ష్ తన తోటనంతా పక్షుల కోసం ప్రయోగశాల చేశాడు. మార్టిన్ హీజెమాన్ ఆ పద్ధతులతో రాసిన చిన్న పుస్తకం 1908లో ఇంగ్లీషులోకి వచ్చింది. అందులో అన్నిటికన్నా ముచ్చటైనది మేత చెట్టు. ఎండబెట్టి పొడిచేసిన రొట్టె, ఎండు మాంసపు పొడి, హెంప్ గింజలు, గసగసాలు, చిరుధాన్యాలు, ఓట్స్, ఎండిన ఎల్డర్ పళ్లు, పొద్దుతిరుగుడు గింజలు, చీమగుడ్లు కలపాలి. దానికి ఒకటిన్నర రెట్లు పశువుల కొవ్వు కరిగించి చేర్చాలి. కుతకుతలాడుతున్న ఆ ముద్దను గరిటెతో దేవదారు కొమ్మల మీద, సూదుల్లాంటి ఆకుల మధ్యకు జారేటట్టు పోయాలి. చల్లారాక అది కొమ్మకే అంటుకుపోతుంది. గాలి వీచినా మంచు కురిసినా రాలిపోదు.

బెర్లెప్ష్ పట్టుదల అంతా ఇక్కడే. తిండి అవసరమయ్యేది ముఖ్యంగా మంచు కమ్మిన ఉదయాన. సరిగ్గా అప్పుడే మేత బల్ల మీది గింజలు మంచు కింద పూడిపోతే పెట్టిన ఫలమేముంది? ఆయన కట్టించిన చూరున్న మేత ఇళ్లు, గింజలు కొద్దికొద్దిగా జారే మేత గంటలు, అన్నీ ఈ ఒక్క చిక్కు విప్పడానికే. నేటి దుకాణాల్లో దొరికే కొవ్వు ఉండలకు ఆ వంటకమే పెద్దక్క అనవచ్చు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఈ ధోరణికి అడ్డుకట్ట వేసింది. 1940లో బ్రిటన్ ప్రభుత్వం ఆహారం వృథా చేయడాన్ని నేరంగా ప్రకటించింది. 1943 జనవరిలో బార్నెట్ కోర్టు ఒక మహిళకు 10 పౌన్ల జరిమానా వేసింది. రోజూ తోటలో పిట్టలకు రొట్టె వేయిస్తోందన్నది నేరం. పిట్టలు ఆకలితో చస్తుంటే చూడలేనని ఆమె ఒప్పుకుంది. రొట్టె విసిరిన పనిమనిషికి కూడా 5 షిల్లింగులు పడింది. దేశమంతా రేషన్‌లో బతుకుతున్న వేళ చట్టం తప్పని అనలేం, ఆమె మనసును తప్పుపట్టనూ లేం.

మనుషులు పెట్టినా మానినా పిట్టలు తమ దారి తాము వెతుక్కున్నాయి. సౌతాంప్టన్ దగ్గర స్వేత్లింగ్‌లో టిట్లు ఇంటి గుమ్మాల ముందు పాల సీసాల మూతలు చీల్చి మీగడ తాగడం 1921లోనే కనబడింది. ఈ విద్య ఊరూరా ఎలా పాకిందో జేమ్స్ ఫిషర్, రాబర్ట్ హైండ్ 1949లో పరిశోధించి ప్రచురించారు. జంతువులు కొత్త అలవాట్లు నేర్చుకోవడం గురించిన చర్చల్లో ఆ పిట్టలు నేటికీ వస్తుంటాయి.

యుద్ధం తర్వాత వంటింటి మేత అంగడికెక్కింది. వల సంచుల్లో వేరుశనగ పప్పు వచ్చింది. 1965లో టోనీ సోపర్ రాసిన పుస్తకం బల్లలు చేసుకోవడం, మేత కలుపుకోవడం ఇంటింటికీ నేర్పింది. అమెరికాలో రోడ్ ఐలండ్‌కు చెందిన పీటర్ కిల్హమ్ 1969లో పారదర్శక ప్లాస్టిక్ గొట్టంతో మేత డబ్బా తెచ్చాడు. గింజ తడవదు, ఎంత మిగిలిందో బయటికే కనిపిస్తుంది, చిన్న పిట్టలు వాలడానికి పుల్లలుంటాయి. నేడు మార్కెట్లో ఉన్న గొట్టాలలో చాలా వాటిది ఈ నమూనాయే.

ఆ గొట్టాలలో ఒక రకానికి తెలుగు నేలకు బాగా తెలిసిన గింజ కావాలి. చలికాలం మొదట్లో అరకు లోయను పసుపుపచ్చగా మార్చే వలిసె పూలు చూడటానికి జనం తండోపతండాలుగా వెళతారు. ఆదివాసీ రైతులు నూనె కోసం పండించే ఆ వలిసెలే పాశ్చాత్య పెరళ్లలో గోల్డ్‌ఫించ్ అనే పిట్టకు ప్రీతిపాత్రమైన మేత. భారత్, ఇథియోపియాల నుంచి అవి ఎగుమతి అవుతాయి. అమెరికాలో అడుగుపెట్టే వలిసెలను, వాటిలో కలిసొచ్చే కలుపు విత్తనాలు మొలకెత్తకుండా వేడిచేస్తారు. గింజ మరీ సన్నం కాబట్టి మామూలు డబ్బాలోంచి కారిపోతుంది. దానికోసం సన్నని చీలికలున్న గొట్టాలు చేశారు.

ఇదంతా పిట్టలను ఎంత మార్చిందో లెక్కలు చెబుతాయి. బ్రిటిష్ ట్రస్ట్ ఫర్ ఆర్నిథాలజీ 1970 నుంచి పెరటి మేత దగ్గరికి వచ్చే పక్షులను నమోదు చేస్తోంది. ఆ సమాచారంతో 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, బ్రిటన్ పెరళ్లలో పెడుతున్న మేత 19.6 కోట్ల పక్షులకు సరిపోతుంది. 1970లలో అరుదుగా కనిపించిన గోల్డ్‌ఫించ్ ఇప్పుడు చాలా ఇళ్లలో రోజువారీ అతిథి. 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన ఇంకా ఆశ్చర్యకరం. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైతమ్ అడవిలోని గ్రేట్ టిట్ల ముక్కులు నెదర్లాండ్స్‌లోని అదే జాతి ముక్కుల కన్నా పొడవు. పొడవు ముక్కు జన్యువున్న పిట్టలు మేత డబ్బాల దగ్గరికి ఎక్కువసార్లు వస్తున్నాయి. ముక్కులు పొడవు కావడానికి కారణం పెరటి మేతే కావచ్చని పరిశోధకుల ఊహ.

ఇంట్లో చేసే మేత ఇంకా పోలేదు, అది సంతోషం. అయితే బెర్లెప్ష్ పాళ్లు తలకిందులయ్యాయి. ఇప్పుడు ఒక వంతు కొవ్వుకు రెండు వంతుల గింజలు, ఓట్స్ కలిపి కొబ్బరి చిప్పలో గడ్డకట్టిస్తారు. ఉప్పు తగలకూడదు. మాంసం వేపిన మూకుడులో మిగిలే కొవ్వు ఈకలకు అంటుకుంటుంది కనుక వాడకూడదు. పచ్చికొబ్బరి మంచిదే, ఎండు కొబ్బరి కోరు పిట్ట కడుపులో ఉబ్బుతుంది. తెలుగు నాట వేసవి ఎండకు ఈ కొవ్వు వంటకం కరిగి కారిపోతుంది. ఇక్కడ నూకలు, కొర్రలు, సజ్జలు, అన్నిటికన్నా ముందు మట్టి మూకుడులో నీళ్లు కావాలి.

ఇన్ని మంచి మాటల మధ్య చేదు వార్త ఒకటుంది. 2005 నుంచి బ్రిటన్‌లో గ్రీన్‌ఫించ్ అనే పిట్టలకు ట్రైకోమోనోసిస్ అనే జబ్బు పాకింది. గొంతు వాచి మింగలేక పిట్ట ఆకలితో చచ్చిపోతుంది. జబ్బు పిట్ట నోటి నుంచి జారిన గింజను మరోటి తింటే చాలు, అంటుకుంటుంది. పెరళ్లలో ఒకప్పుడు కిక్కిరిసిన ఆ పక్షిని 2021లో అక్కడ ప్రమాదంలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాలో చేర్చాల్సి వచ్చింది. చదునైన బల్లల మీద పిట్టలన్నీ ఒకేచోట ఎంగిలి పడతాయని ఆర్‌ఎస్‌పీబీ 2025లో అలాంటి బల్లల అమ్మకం నిలిపివేసింది. వేలాడే డబ్బాలో ఆ రోజుకు సరిపడా గింజలే పోయడం, వారానికోసారి కడిగి బాగా ఆరబెట్టడం, వేలాడదీసే చోటు మారుస్తూ ఉండటం, జబ్బు పిట్ట కనబడితే కొన్ని వారాలు మేత మానేయడం ఇప్పుడు అక్కడి ఇళ్లకు అందుతున్న సూచనలు.