తొలి ముద్ద కథ: తల్లిపాలకు తోడు ఆహారం ఎప్పుడు, ఎంత, ఎలా?

ఆరు నెలలు నిండే వరకు బిడ్డకు తల్లిపాలే చాలును. ఆ తరువాత తల్లిపాలు కొనసాగిస్తూనే మెత్తని ఇంటి ఆహారం మొదలుపెట్టాలి. ఈ మాటను మీరు అంగన్‌వాడీ గోడ మీద, టీకాల కార్డు మీద చదివే ఉంటారు. చూడడానికి ఇది ఎంతో సులువైన వాక్యం. కానీ ఈ ఒక్క వాక్యం వైద్యలోకంలో స్థిరపడడానికి నూరేళ్లకు పైగా పట్టింది. ఒక తరం వైద్యులు ఏడాది నిండేదాకా ఏమీ పెట్టవద్దన్నారు. మరొక తరంలో పుట్టిన మూడో రోజే పెట్టవచ్చునన్న వైద్యుడూ ఉన్నాడు. ఆ వాదోపవాదాల చరిత్ర తెలిస్తే, నేటి సలహా ఎందుకిలా ఉన్నదో, మన ఇళ్లలో ఇంకా ఎక్కడ లోపం మిగిలి ఉన్నదో మీకు తేటతెల్లమవుతుంది.

పూర్వుల విధి, మన ఆచారం

అన్నప్రాశనను మన గృహ్యసూత్రాలు ఆరో నెలలో విధించాయి. సుశ్రుత సంహిత శారీరస్థానంలో కూడా ఆరో నెలలో శిశువుకు తేలికైన, హితమైన అన్నం పెట్టాలని ఉన్నది. బాలవైద్యానికే ప్రత్యేకించిన కాశ్యప సంహిత మాత్రం కొంత భేదించింది. ఆరో నెలలో పండు తినిపించి, పళ్లు మొలిచాక, పదో నెల ప్రాంతంలో ధాన్యాహారం ఇవ్వమన్నది. అంటే ఎప్పుడు మొదలుపెట్టాలన్న చర్చ మన దేశంలోనూ పాతదే.

తెలుగు ఇళ్లలో మగబిడ్డకు సరి నెలలోను, ఆడబిడ్డకు బేసి నెలలోను ముహూర్తం పెట్టే ఆనవాయితీ ఉన్నది. దాని వల్ల చాలామంది ఆడపిల్లలకు ఐదో నెలలోనే వేడుక జరుగుతుంది. బిడ్డ ఆడైనా మగైనా పేగుల ఎదుగుదల ఒక్కటే. కనుక ఐదో నెలలో వేడుక జరుపుకుంటే పాయసం పెదవికి తాకించి ముచ్చట తీర్చుకోండి. ఆహారం మాత్రం ఆరు నెలలు నిండాకే మొదలుపెట్టండి.

మన భాషలో 'ఉగ్గు' అన్న మాటను చూడండి. పూర్వం పసిబిడ్డకు తల్లిపాలలో ఆముదం రంగరించి పోసేదానిని ఉగ్గు అనేవారు. నేడు బియ్యమూ పప్పులూ వేయించి విసిరిన పిండిని, దానితో కాచిన మెత్తని జావను ఉగ్గు అంటున్నాము. మొదటి అర్థంలో ఉగ్గు నేటి వైద్యం అంగీకరించనిది. రెండో అర్థంలో ఉగ్గు శాస్త్రం మెచ్చిన ఆహారం. ఎందుకో ముందు ముందు చెబుతాను.

ఆచారంలో లోపం ముహూర్తం దగ్గర లేదు, మరునాటి దగ్గర ఉన్నది. వేడుకనాడు పాయసం నాకించి, పుస్తకమూ కలమూ బంగారమూ పరచి బిడ్డ దేనిని పట్టుకుంటుందో చూసి మురుస్తాము. మరునాటి నుంచి మళ్లీ పాలే. లేదా గంజి వార్పు, పప్పు మీది తేట, చారు నీళ్లు. 'బిడ్డకు అరగదు' అన్న భయంతో కడుపు నింపేవన్నీ పక్కన పెట్టి, నీళ్లు మాత్రం పోస్తాము.

పడమటి దేశాల ఊగిసలాట

19వ శతాబ్దపు మధ్యకాలం వరకు ఐరోపాలో తల్లిపాలు లేని శిశువులు పెద్ద సంఖ్యలో మరణించేవారు. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు యూస్టస్ ఫాన్ లీబిగ్ 1860ల మధ్యలో గోధుమపిండి, మొలకెత్తించిన ధాన్యపు పిండి, ఆవుపాలు, కొద్దిగా పొటాషియం బైకార్బొనేట్ కలిపి శిశు ఆహారాన్ని తయారుచేశాడు. 1867లో స్విట్జర్లాండ్‌లోని వెవే పట్టణంలో హెన్రీ నెస్లే పాలు, గోధుమ, చక్కెర కలిసిన పొడిని అమ్మకానికి తెచ్చాడు. శిశు ఆహారం వంటింటి నుంచి కర్మాగారానికి అడుగుపెట్టిన కాలమది.

అయినా వైద్యులు గట్టి ఆహారం విషయంలో భయపడుతూనే ఉండేవారు. 1900 ప్రాంతంలో అమెరికాలో ఏడాది నిండక ముందు శిశువుకు కూరగాయలు, మాంసం వంటివి పెట్టడం అరుదు. ఆ తరువాత విటమిన్ల ఆవిష్కరణ ఆలోచనను మార్చింది. స్కర్వీ, రికెట్స్ వంటి లోపవ్యాధులను ఆహారంతో నివారించవచ్చునని తెలిశాక, ముందుగా పెట్టడమే మేలన్న నమ్మకం పెరిగింది. 1928లో గెర్బర్ సంస్థ వడకట్టిన కూరగాయల డబ్బాలను మార్కెట్‌లోకి తెచ్చింది. 1930ల ఆరంభంలో టొరంటోలోని పిల్లల ఆసుపత్రి వైద్యులు అలన్ బ్రౌన్, ఫ్రెడరిక్ టిస్డాల్, థియోడర్ డ్రేక్ రూపొందించిన పాబ్లమ్ అన్న ధాన్యపు పొడి వచ్చింది. 1937లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆహార మండలి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య పండ్లు, కూరగాయల గుజ్జు ఇవ్వవచ్చునన్నది.

త్రాసు ఒకసారి మొగ్గడం మొదలుపెడితే అక్కడ ఆగదు. ఫ్లోరిడాకు చెందిన వాల్టర్ సాకెట్ అన్న వైద్యుడు 1953లో ఒక వైద్యపత్రికలో తన పద్ధతిని ప్రకటించాడు. పుట్టిన రెండు మూడు రోజులకే ధాన్యపు జావ, పది రోజులకు కూరగాయల గుజ్జు పెట్టవచ్చునన్నాడు! ఎంత త్వరగా తింటే బిడ్డ అంత ముందున్నట్లు తల్లులు గర్వపడిన రోజులవి. పసిబిడ్డ మూత్రపిండాలు ఉప్పును, ప్రోటీన్ భారాన్ని తట్టుకోలేవనీ, పాలు తాగడం తగ్గిపోతుందనీ తెలిసివచ్చాక త్రాసు వెనుకకు మళ్లింది. 1974లో బ్రిటన్ ప్రభుత్వ నివేదిక నాలుగు నెలల లోపు గట్టి ఆహారం వద్దన్నది.

పాలు మానిన బిడ్డ జబ్బు

సంపన్న దేశాలలో ఈ తొందర సాగుతుండగానే, పేద దేశాలలో అసలు సమస్య వేరుగా ఉన్నదని ఒక వైద్యురాలు గమనించారు. ఆమె పేరు సిసిలీ విలియమ్స్. జమైకాలో పుట్టి, నేటి ఘనా అయిన గోల్డ్‌కోస్ట్‌లో పనిచేస్తూ, 1933లో ఒక వ్యాధిని వర్ణించారు. కాళ్లు వాచి, చర్మం పొలుసులుగా ఊడి, జుట్టు రంగు మారి, బిడ్డ మౌనంగా కుంగిపోయే వ్యాధి అది. అక్కడి గా భాషలో దాని పేరు క్వాషియార్కర్. తరువాతి బిడ్డ రాగానే తల్లి రొమ్ముకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. పాలు మానిన ఆ పిల్లలకు దొరికింది మొక్కజొన్న జావ మాత్రమే.

ఇది ప్రోటీన్ లోపమేనని ప్రపంచమంతా అనుకున్నది. 1955లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ప్రోటీన్ సలహా బృందం ఏర్పడింది. చేపల పొడి వంటి ప్రత్యేక ప్రోటీన్ ఆహారాల కోసం పరిశోధనలు జరిగాయి. ఇక్కడే మన హైదరాబాద్ ఈ చరిత్రలో ప్రవేశిస్తుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఆరంభించిన చిన్న పరిశోధనా విభాగం 1958లో తార్నాకకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. దాని సంచాలకులు డాక్టర్ సి. గోపాలన్ 1960లలో ఒక ముఖ్యమైన విషయం చూపించారు. క్వాషియార్కర్ వచ్చిన పిల్లలకూ, ఎండుకుపోయిన మరాస్మస్ పిల్లలకూ ఇంట్లో అందిన ఆహారంలో చెప్పుకోదగిన తేడా లేదు. ఇద్దరికీ మొత్తం తిండే చాలలేదు. అన్నమూ పప్పూ కడుపునిండా తింటే ప్రోటీన్ కూడా దానితోపాటే చాలినంత అందుతుంది. 1974లో డొనాల్డ్ మెక్‌లారెన్ లాన్సెట్ పత్రికలో ప్రోటీన్ వెంట పరుగును ఘోరవైఫల్యంగా అభివర్ణించాడు.

ఈ అవగాహనకు తగినట్లే జాతీయ పోషకాహార సంస్థ 'హైదరాబాద్ మిక్స్' రూపొందించింది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగ 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. వేయించి పొడిచేస్తే సుమారు 330 కిలోకాలరీల శక్తి, 11 గ్రాములకు పైగా ప్రోటీన్ లభిస్తాయి. ఇందులో దిగుమతి సరుకేదీ లేదు. మన అమ్మమ్మలు విసిరిన ఉగ్గుపిండికి ఇది దగ్గరి చుట్టం. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ద్వారా తరువాతి కాలంలో తెలుగు నేలపై పంచిన బాలామృతం కూడా గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెలతో చేసినదే.

నాలుగా, ఆరా?

ఇక కాలనిర్ణయం మిగిలింది. 1979లో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి జరిపిన సమావేశం నాలుగు నుంచి ఆరు నెలలన్నది. ఈ రెండు నెలల వెసులుబాటు డబ్బాల వ్యాపారానికి బాగా కలిసివచ్చింది. నాలుగో నెలలోనే డబ్బా తెరవమని ప్రచారం సాగింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాల ప్రత్యామ్నాయాల విక్రయ నియమావళిని ఆమోదించినప్పుడు 118 దేశాలు అనుకూలించగా, అమెరికా ఒక్కటే వ్యతిరేకించింది. మన దేశం 1992లో చట్టం చేసి, 2003లో సవరించి, రెండేళ్ల లోపు పిల్లల ఆహారాల ప్రకటనలను నిషేధించింది.

శాస్త్రం తన పని తాను చేసింది. 1994లో ప్రచురితమైన హోండురాస్ పరిశోధనలో కొందరు పాలు తాగే బిడ్డలకు నాలుగో నెలలోనూ, కొందరికి ఆరో నెలలోనూ ఆహారం మొదలుపెట్టి పోల్చారు. ముందుగా తిన్న బిడ్డలు అధికంగా పెరగలేదు. తిన్న మేరకు తల్లిపాలు తాగడం తగ్గించుకున్నారు, అంతే. పరిశుభ్రమైన పాల స్థానంలో కలుషితం కాగల తిండి వచ్చిందే గాని లాభం లేదు. ఇటువంటి పరిశోధనలన్నింటినీ క్రోడీకరించి 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలని తేల్చింది. ఆరు దాటితే మరొక ప్రమాదం ఉన్నది. తల్లి గర్భం నుంచి తెచ్చుకున్న ఇనుము నిల్వలు అప్పటికి కరగిపోతాయి. తల్లిపాలలో ఇనుము బహుస్వల్పం.

వాదం ముగిసింది, ఆకలి ముగియలేదు

ఇప్పుడు మన లెక్క చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలలో పాలతోపాటు ఆహారం అందుతున్నవారు 45.9 శాతం. ఆరు నుంచి ఇరవైమూడు నెలల పిల్లలలో చాలినంత ఆహారం అందుతున్నవారు కేవలం 11.3 శాతం. సాకెట్ నాటి తొందర మనకు లేదు. ఆలస్యమూ, పలుచదనమూ మన సమస్యలు.

లెక్క కష్టం కాదు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలకు అదనంగా రోజుకు సుమారు 200 కిలోకాలరీలు కావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలల్లో 300, ఏడాది దాటితే 550. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒక్కసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. పల్చటి జావతో ఆ 200 కిలోకాలరీలు రావాలంటే అర లీటరుకు మించి తాగించాలి. అప్పుడు తల్లిపాలకు చోటేది? అందుకే చెంచా వంచితే జారిపోని చిక్కదనం ఉండాలంటాము. మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరిన రాగిపిండి కొద్దిగా కలిపితే గంజి చిక్కదనం విరిగి మెత్తబడుతుంది. అందుచేత ఎక్కువ పిండి వేసి కాచినా బిడ్డ సులువుగా మింగగలదు. 1980లలో బరోడాలో డాక్టర్ తారా గోపాల్‌దాస్, మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థవారు ఈ మార్గంలోనే కృషి చేశారు. లీబిగ్ మొలకధాన్యం వాడిన మర్మమూ ఇదే.

కాబట్టి మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఇవి పాటించండి.

ఆరు నెలలు నిండగానే రోజుకు రెండు మూడుసార్లు, రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి, క్రమంగా అర కప్పుకు పెంచండి. తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటలు పెట్టండి. పప్పు మీది తేట కాక పప్పునే మెదిపి, అన్నంలో కలిపి, ఒక చెంచా నెయ్యి గాని నూనె గాని వేయండి. మునగాకు, పాలకూర, గుమ్మడి, అరటిపండు, బొప్పాయి వంతులవారీగా చేర్చండి. మాంసాహారులైతే ఉడికిన గుడ్డు, ముళ్లు తీసిన చేప, మెత్తగా చేసిన కాలేయం ఆరు నెలల తరువాత పెట్టవచ్చును. ఇనుము వీటిలో బాగా లభిస్తుంది. గుడ్డు, వేరుశనగ ఆలస్యం చేస్తే అలర్జీ రాదన్న పాత నమ్మకం నిలవలేదు. వేరుశనగను ముందుగా రుచి చూపిన పిల్లలలోనే ఆ అలర్జీ బాగా తక్కువని 2015 నాటి లండన్ పరిశోధన తేల్చింది. అయితే తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న బిడ్డకు వైద్యుని సలహా తీసుకొని ఇవ్వండి. వేరుశనగను పొడిగానో ముద్దగానో ఇవ్వాలి, గింజగా ఎన్నడూ ఇవ్వకూడదు, గొంతులో అడ్డుపడుతుంది. ఏడాది లోపు తేనె వద్దు. ఉప్పు, చక్కెర అవసరం లేదు.

గిన్నె, చెంచా, చేతులు సబ్బుతో కడగండి. పాలసీసా మాని గిన్నె, చెంచా వాడండి. బిడ్డ ముఖం తిప్పుకుంటే బలవంతం చేయక, కొంతసేపాగి మళ్లీ పెట్టండి. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది పదిసార్లు పట్టడం సహజం. జ్వరమో విరేచనాలో వచ్చినా తిండి ఆపవద్దు. తల్లిపాలు రెండేళ్లు, ఆ పైన కూడా ఇవ్వవచ్చును. నెలలు నిండక పుట్టిన బిడ్డ, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ విషయంలో మాత్రం ఎప్పుడు మొదలుపెట్టాలో మీ వైద్యుని అడిగి తెలుసుకోండి.

నెలకొకసారి బిడ్డను అంగన్‌వాడీలో తూయించి, పెరుగుదల గీతను మీరే స్వయంగా చూడండి. గీత పైకి పోతున్నంతకాలం మీరు పెడుతున్నది చాలుతున్నట్టే. అది చదునుగా సాగితే టానిక్కు కోసం పరుగెత్తక ముందు, గిన్నెలోని జావ ఎంత చిక్కగా ఉన్నదో, రోజుకు ఎన్నిసార్లు పెడుతున్నారో ఒకసారి లెక్క చూసుకోండి.