చెడుగుడులో పట్టుకు లెక్క

చెడుగుడులో కూతకు పోయినవాడి పని అందరికీ కనిపిస్తుంది. పట్టేవాడి పనిలో సగం ఎవరి కంటా పడదు. అనంతపురం మెట్టలోనూ, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న గోరంట్ల వైపు ఊళ్ళలోనూ, శెనక్కాయ పీకేసిన చేలల్లో గీతలు గీసుకుని ఆడితే కాగితంతో పని లేదు. ఎవరు చచ్చారు, ఎవరు బతికారు అన్నదే లెక్క. పట్టు తెలిసినవాడెవరో ఊరికి తెలుసు. ఎన్ని పట్టాడని అడిగేవారు తక్కువ.

దేశంలో ఈ ఆటకు మూడు పద్ధతులుండేవి. గామినిలో చచ్చినవాడు జట్టంతా చచ్చేదాకా బయటే కూర్చోవాలి; చివరిదాకా బరిలో నిలిచినవాడి విలువ చూపుకే అందేది. అమర్‌లో చచ్చినవాడు బయటికి పోడు, ఎదుటి జట్టుకు పాయింటు చేరుతుంది. సంజీవనిలో ఎదుటివాడొకడు చస్తే మనవాడొకడు బతుకుతాడు. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడింది. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లోకి ఇది కబడ్డీ పేరుతో పతకాల ఆటగా చేరింది. అక్కడ నిలిచింది సంజీవనే.

2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక ప్రతి పట్టూ ఒకరి పేరు మీద పడింది. ఒక మ్యాచ్‌లో ఐదు టాకిల్ పాయింట్లు వస్తే 'హై ఫైవ్'. తెలుగు టైటాన్స్‌కు ఎడమ కార్నర్‌లో విశాల్ భరద్వాజ్, కుడి కార్నర్‌లో ఇరాన్ ఆటగాడు అబోజర్ మిఘానీ ఆడిన రోజుల్లో అభిమానులు ఆ అంకెలతోనే వాదించుకునేవారు.

అంకెలు అబద్ధం కావు, అరకొర. చీలమండ పట్టింది ఒకడైతే మీద పడి ఆపేది కవర్ స్థానాల్లోని తోటి డిఫెండర్లు. పాయింటు పడేది ఒకరి ఖాతాలోనే. కూతకు వచ్చిన రైడర్ భయపడి, దాటి తీరాల్సిన బాక్ లైన్ మాత్రం దాటి వెనక్కి పోతే అది అతని ఖాళీ రైడ్ అవుతుంది, అతన్ని దూరంగా ఉంచిన కార్నర్‌కు ఏమీ రాదు. విజయ శాతం మరీ మోసం: ఖాయమనుకుంటేనే చేయి వేసేవాడి శాతం మెరుస్తుంది, జట్టు కోసం తెగించి దూకేవాడిది పడిపోతుంది. ముగ్గురో అంతకన్నా తక్కువమందో మిగిలినప్పుడు పట్టుకుంటే సూపర్ టాకిల్, అదనపు పాయింటు. కానీ మిగతావాళ్ళు చస్తేగదా ఆ అవకాశం! బలహీన జట్టు డిఫెండర్‌కే ఆ పాయింట్లు దొరికే వీలు ఎక్కువ.

ఐస్ హాకీదీ ఇదే తంటా. ఆటగాడు మంచు మీద ఉన్నప్పుడు వేసిన, తిన్న గోల్స్ తేడాను ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ 1967–68 నుంచి అధికారికంగా లెక్కిస్తోంది. తోడున్నవాళ్ళు గట్టివాళ్ళయితే సామాన్య డిఫెండర్ అంకె కూడా పైకి లేస్తుంది.

కబడ్డీలో ఖాళీ రైడ్‌కు డిఫెన్స్‌కు ఏమీ దక్కని లోటును 'డూ ఆర్ డై' నియమం కొంత పూడ్చింది. రెండు రైడ్లు వరసగా ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాలి, లేకుంటే రైడర్ అవుట్. డిఫెన్స్ ఓపికకు జట్టు స్కోరులో ప్రతిఫలం దక్కింది. మొదటి రెండుసార్లూ రైడర్‌ను ఉత్త చేతులతో పంపినవాడి పేరు మాత్రం టాకిల్ పట్టికలోకి ఎక్కలేదు.