గోడలో దాగిన చరిత్ర

పోయిన నెల మా వంటింటి గోడకున్న అర, అమ్మ పెట్టిన ఆవకాయ జాడీతో సహా కూలింది. ఇనుప బ్రాకెట్లు వంగలేదు. పై మరలు గోడలోంచి ఊడివచ్చాయి. బరువు అంచుకు జరిగేకొద్దీ బ్రాకెట్ అడుగు గోడను నొక్కుతుంది, పై మర బయటికి లాగబడుతుంది. కనుక అసలు బలం గోడ పట్టులోనే ఉంది.

ఆ పట్టుకో చరిత్ర ఉంది. పూర్వం గోడకు రంధ్రం చేసి, చెక్క బిరడా దిగగొట్టి, అందులో మర బిగించేవారు. ఎండిన చెక్క వదులయ్యేది. 1911 ప్రాంతంలో బ్రిటిష్ మ్యూజియం గోడలు చెడకుండా, కంటికి కనబడకుండా విద్యుత్ పరికరాలు అమర్చవలసివచ్చింది. అందుకు జాన్ జోసెఫ్ రాలింగ్స్ జనపనారతో చిన్న గొట్టం రూపొందించాడు. మర దిగేకొద్దీ అది ఉబ్బి గోడను బిగబట్టేది. 1958లో జర్మనీలో ఆర్టర్ ఫిషర్ దానికి నైలాన్ రూపమిచ్చాడు.

ఈసారి సన్నని బ్రాకెట్లే కొన్నాను, కాని నిలువు కాడ పొడవైనవి. కాడ పెరిగితే పై మర మీద లాగుడు తగ్గుతుంది. అమ్మమ్మగారి మట్టిగోడ గూటికి ఈ బాధే లేదు; గోడే మోసేది.

అర నిలిచింది. మిగిలిన జాడీని దానిపై పెట్టడానికి మాత్రం అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.